ఖాళీ మేకు

మొదటి తెర గీసినప్పుడు
పదకొండు రంగులు వాడాను.
బొగ్గు టన్నులకు కారు మీటరు లాంటి ముల్లు,
హాజరుకు కోసిన పుచ్చకాయ ముక్కలు,
గ్యాసుకు నీలంగా ఊగే గీత.
మేనేజరు సారు మురిసి
"పెండ్లి పందిరి లెక్కుంది" అన్నాడు.
మెచ్చుకోలే అనుకున్నాను.

హన్మకొండ నుంచి పొద్దటి బస్సెక్కి
గోదావరిఖని చౌరస్తాలో దిగితే
చాయ్ గ్లాసు అంచు మీద కూడా సన్నని నల్లపొడి.
ఆ పొడిని లెక్కపెట్టే పని నాది,
ఏసీ గదిలో కూర్చొని.

ల్యాంపురూములో ఓదెలు దగ్గర
డాష్‌బోర్డు అనే మాటే లేదు.
గోడకు ఒక చెక్క. చెక్క నిండా మేకులు.
మేకుకో ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద నంబరు.
బాయి దిగేటోడు బిళ్ల తీసుకపోతాడు,
ఎక్కినంక తెచ్చి తగిలిస్తాడు.
అంతే.

రెండో షిఫ్టు ఎక్కివచ్చిన రాత్రి
చెక్క మీద ఒక్క చూపు విసిరి
"ఒక్కడు రాలే" అన్నాడు.
అంత తొందరగా ఎట్ల తెలిసింది?
"పన్ను ఊడిన నోరు దాస్తే దాగుతదా బిడ్డా."
నాలుగు వందల పన్నెండు.
కొత్తగా చేరిన పిల్లగాడు
బిళ్ల జేబులోనే మరిచి స్నానానికి పోయాడు.
ఓదెలు తిట్టిన తిట్లు
నా ఏ చార్టులోనూ పట్టవు.

ఆ రాత్రే ఏడు రంగులు చెరిపేశాను.

గీయడం కన్నా చెరపడం కష్టం.
ప్రతి డబ్బా వెనకా ఒక ఆఫీసరు ఉంటాడు,
"నా పంపుల లెక్క యాడికి పాయె" అంటాడు.
ఒక్కొక్కరి గదికి పోయి అడిగాను:
ఈ అంకె మారితే
మీరు కుర్చీలోంచి లేస్తారా?
లేవనివన్నీ కింది పేజీకి పంపాను.
పైన నాలుగే మిగిలాయి.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున
ఆ నాలుగూ పచ్చగా ఉన్నాయి.
మూడో లెవెల్లో గ్యాసు: సున్నా.
మూడు గంటల నుంచీ సున్నా.
మంచి వార్తలా మెరుస్తూ సున్నా.
ఓవర్‌మన్ కనకలింగం ఫోను చేశాడు:
"బాయి కూడా ఊపిరి తీస్తది మేడం,
ఇంతసేపు ఉగ్గబట్టదు.
మీ పెట్టె సచ్చింది, చూడున్రి."

నిజమే. ఎలుక కొరికిన తీగ.
గాలి బాగానే ఉంది ఆ పూట.
లేకుంటే?
కింద పందొమ్మిది మంది,
పైన నా పచ్చరంగు
వాళ్ల తరఫున దొంగసాక్ష్యం చెబుతూ.

ఏమీ లేదు అనడం వేరు.
ఏమీ తెలియదు అనడం వేరు.
రెండింటికీ
నేను ఒకే గుండ్రం చుట్టి పెట్టాను.

ఇప్పుడు తెలియకపోవడానికీ ఒక రంగుంది.
బూడిదరంగు వద్దనుకున్నాను,
ఈ ఊళ్లో అది ఎవరి కంటా పడదు.
అడ్డగీతలు కొట్టిన తెలుపు,
దాని కింద ఒకే వరుస:
"నాలుగూ పది దాకే తెలుసు."
సారు మొహం చిట్లించి
"తెరకు చిల్లు పడ్డట్టున్నది" అన్నాడు.
అవును సార్, చిల్లే.
కుట్టాల్సింది తెరను కాదు.

పుచ్చకాయ ముక్కలు కూడా తీసేశాను.
దిగిన మనిషికో గుండ్రం,
ఎక్కివస్తే నిండుతుంది.

నిన్న రాత్రి డ్యూటీ దిగి
భుజాన తువ్వాలతో ఓదెలు వచ్చాడు.
తెర ముందు నిలబడి, ముక్కు మీదికి అద్దాలు జార్చి,
మాట్లాడకుండా చూశాడు.
మెచ్చుకుంటాడని నాలో ఒక మూల ఎదురుచూపు.
కింది వరుస చివరన ఖాళీగా ఉన్నదాని మీద
నల్లగీతలు పడిన గోరు ఆనించి
"వీడెవడు?" అన్నాడు.

నంబరు చెప్పబోయి ఆగాను.
నొక్కితే పేరు వచ్చింది: గుండా పోచమల్లు.

పది దాటి ఇరవై నిమిషాలు.
ఓదెలు కుర్చీ లాక్కున్నాడు.
నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను.